పిల్లల భక్తి పాస్టరు గారి పూచీయేనా?

ఆదివారం పొద్దున పిల్లలకు తల దువ్వి, మంచి బట్టలు తొడిగి చర్చికి పంపితే తమ బాధ్యత తీరిందని మన ప్రాంతంలోని క్రైస్తవ తల్లిదండ్రులు చాలామంది అనుకుంటున్నారు. వారానికి 168 గంటలు. అందులో పిల్లలు చర్చిలో ఉండేది రెండు మూడు గంటలు. మిగతా కాలమంతా ఇంట్లో, బడిలో, వాడలో, సెల్‌ఫోన్ ముందు గడుస్తున్నది. పాస్టరు గారు ఆదివారం చెప్పిన మాట శనివారం దాకా నిలవాలంటే ఇల్లు తోడు రావాలి. ఈ సంగతిని పెద్దలు మరచిపోవడం విచారకరం.

నిజాం పాలనలో, 19వ శతాబ్దం చివరలో వెస్లియన్ మిషన్ వారు కరీంనగర్ వచ్చారు. 1947లో ఆ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. 1978లో కరీంనగర్ డయాసిస్ ఏర్పడింది. కేథలిక్కులకు మంచిర్యాల కేంద్రంగా ఆదిలాబాద్ డయాసిస్ 1999లో వచ్చింది. చర్చిలు, బడులు, దవాఖానాలు కంటికి కనబడేవి. కాని పల్లెల్లో భక్తి నిలబడింది ఇళ్లలోనే. ఒక్క పాస్టరు అనేక ఊళ్లు చూసుకోవలసిన చోట, ఆయన మళ్లీ వచ్చేదాకా ప్రార్థన సాగించవలసింది ఇంటివారే. అక్షరం రాని వారికి పాటే గ్రంథమయింది. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి వారు తెలుగులో కీర్తనలు రాసి మిగిల్చిన మేలు అది.

ఈనాడు ఇళ్లలో తీరిక లేదన్నది నిజమే. గోదావరిఖని, మందమర్రిలలో తండ్రికి బొగ్గు బాయి షిఫ్టు. సిరిసిల్లలో మరమగ్గాల పని. జగిత్యాల, కోరుట్ల వైపు తండ్రి దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉంటే తల్లి బీడీలు చుట్టి ఇల్లు గడుపుతున్నది. అయినా ఇది సాకు కారాదు. బైబిల్‌లో తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు. ఆ పిల్లవాడికి విశ్వాసం అబ్బింది అవ్వ లోయి, తల్లి యునీకే వల్ల. తండ్రి దగ్గర లేని ఇళ్లకు ఇంతకన్న ధైర్యం చెప్పే కథ లేదు.

రాత్రి అన్నం తిన్నాక టీవీ, ఫోన్లు పక్కన పెట్టి పది నిమిషాలు కూర్చుంటే చాలు. చదవగలిగిన పిల్లవాడు నాలుగు వచనాలు చదవాలి. ఒక పాట పాడాలి. ఆ రోజు ఇంట్లో, పక్కింట్లో ఎవరికి కష్టం వచ్చిందో వారి కోసం ప్రార్థించాలి. దూరదేశంలో ఉన్న తండ్రి వారానికి ఒకసారైనా ఫోన్‌లో కలవవచ్చు. అయితే రాత్రి ప్రార్థన చేసిన తండ్రి తెల్లారి బెల్టు షాపులో కూర్చుంటే పిల్లలు ఏది నేర్చుకుంటారో వేరే చెప్పనక్కర లేదు.

ఇంతకన్న చిక్కు ప్రశ్న ఒకటి ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కింద హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు ఎస్సీ హోదా ఉన్నది. క్రైస్తవులైన దళితులకు లేదు. మన రాష్ట్రంలో ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ ఉంటే, క్రైస్తవంలోకి వచ్చిన వారికి బీసీ-సి కింద 1 శాతమే. అందువల్ల కొన్ని ఇళ్లలో పిల్లవాడికి చర్చిలో ఒక పేరు, బడి రిజిస్టరులో మరొక పేరు. కూలి చేసి బతికే ఇంటికి ఒక సీటు, ఒక కొలువు ఎంత విలువైనవో తెలిసినవారు ఆ తల్లిదండ్రులను తేలికగా నిందించలేరు. కాని అబద్ధమాడవద్దని రాత్రి నేర్పి, బడిలో ఫలానా సంగతి చెప్పవద్దని పొద్దున హెచ్చరిస్తే పసి మనసు ఏమవుతుంది? భక్తి అంటే దాచుకునే వస్తువని అది నేర్చుకుంటుంది. వయసు రాగానే చట్టం ఏమంటున్నదో, నిజం చెబితే వచ్చే నష్టమేమిటో పిల్లలను కూర్చోబెట్టి వివరించాలి. ఆ ఉత్తర్వు మార్చాలని అడగడం పెద్దల పని. ఆ బరువు మోయడం పిల్లల పని కాదు.

నేర్పడం వేరు, నిర్బంధించడం వేరు. ప్రశ్న అడిగిన పిల్లవాడిని కసిరి కూర్చోబెడితే పెద్దయ్యాక వాడు చర్చి గడప తొక్కడు. పక్కింటి వారి బతుకమ్మను, పీరీల పండుగను ఎగతాళి చేయడం నేర్పితే అది విశ్వాసం అనిపించుకోదు.

పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్లో మతబోధ ఉండరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతున్నది. ఇది సబబే. కనుక ఆ పని ఇంటిదే. ఏ మతం వారికైనా ఈ మాట వర్తిస్తుంది. పిల్లల ఫీజుల కోసం అప్పు చేయడానికి వెనుకాడని తల్లిదండ్రులు, రోజుకు పది నిమిషాలు వారి కోసం తీయలేరా? క్రైస్తవ కుటుంబాల పెద్దలు ఆలోచించాలి.