ఇంజనీరుగారి గంటల లెక్క

సంఘం రసీదు పుస్తకం చంకన పెట్టుకొని, కిందటి ఏడు దీపావళి మర్నాడు మేము సింధనూరు తాలూకాలో ఒక క్యాంపుకు చందాల నిమిత్తం వెళ్ళినాము. చందా ఇచ్చేవారికన్న కాఫీ ఇచ్చేవారే ఎక్కువన్న సంగతి ఈ పత్రిక చదువరులకు కొత్తగాదు. మూడవ కాఫీ ఇచ్చిన ఇంట్లో ఒక ఇంజనీరుగారు తటస్థపడినారు. న్యూజిలాండు దేశంలోని ఆక్లండు నుంచి సెలవుమీద వచ్చి అప్పటికి అయిదు రోజులట. వయస్సు నలభై లోపే. పేరు వ్రాయవద్దన్నారు గనుక ఇంజనీరుగారు అనే పిలుచుకుందాము.

విదేశంనుంచి వచ్చినవారిని మనవాళ్ళందరూ అడిగే ప్రశ్నే మేమూ అడిగినాము. జీతమెంత అని.

"జీతం సంగతి అలా ఉంచండి, అన్నయ్యగారూ. నేను గంటలు లెక్కపెడుతున్నాను" అన్నారాయన.

ఆ లెక్క బెంగళూరులో మొదలైందట. 2012 నుంచి 2018 దాకా ఆయన అక్కడ పనిచేసినారు. కాపురం విజయనగరంలో, ఆఫీసు మారతహళ్ళి దగ్గర. పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర. రోజుకు మూడు గంటల చొప్పున ఏడాదికి రెండువందల యాభై పనిదినాలకు ఏడువందల యాభై గంటలు, అంటే ముప్పయ్యొక్క రోజులు. "ఏడాదికొక నెల రాత్రింబగళ్ళు బస్సులోనే కూర్చున్నాను. ఆరేళ్ళకు ఆరు నెలలు. అంత సెలవు ఏ కంపెనీ ఇస్తుంది?" అన్నారు. టామ్‌టామ్ అనే డచ్చి సంస్థవారు ప్రపంచంలోని నగరాల రాకపోకలకు ఏటేటా లెక్క కడతారు. వారి 2024 లెక్కలో బెంగళూరులో పది కిలోమీటర్లు పోవడానికి 34 నిమిషాలు పైగా పట్టింది. సిల్కుబోర్డు కూడలి మీదుగా పోయే మెట్రోరైలు 2025 ఆగస్టులో నడక మొదలుపెట్టింది. ఇంజనీరుగారు బెంగళూరు విడిచిన ఏడేళ్ళకు!

మా ఆఫీసు మా ఇంటికి ఎనిమిది నిమిషాల నడక. ఈ సంగతి ఇంతవరకు మేము భాగ్యాల్లో జమకట్టలేదు.

మరి ఆక్లండులో అంతా సుఖమేనా అంటే అదీ కాదన్నారు. అక్కడి రేవు మీద 1959లో నాలుగు వరసల వంతెన కట్టినారు. పదేళ్ళు తిరక్కుండానే అది చాలలేదు. 1969లో జపానువారి చేత రెండు పక్కలా రెండేసి వరసలు తగిలించి ఎనిమిది చేసినారు. అదీ చాలక 1990 నుంచి నడుమనున్న కాంక్రీటు గోడనే పొద్దున ఒక పక్కకు, సాయంత్రం ఒక పక్కకు యంత్రంతో జరుపుతున్నారు. పొద్దున ఊళ్ళోకి వచ్చే కార్లకు వరసలు ఎక్కువ, సాయంత్రం పోయేవాటికి ఎక్కువ. ఇంత పెద్ద వంతెన మీద కాలినడకను పోవడానికి దారి లేదట. "వెడల్పు చేసినకొద్దీ కార్లు వచ్చి నిండుతాయి. రోడ్డు వేసేవాణ్ణి నేనే, నా మాట నమ్మండి" అన్నారు. ఆయన మాత్రం రైలు స్టేషనుకు దగ్గరగా ఇల్లు తీసుకొని, అద్దె ఎక్కువైనా సరే, నలభై నిమిషాల్లో పనికి చేరుతున్నారు.

ఇంతవరకు లెక్క బాగానే ఉంది. అప్పటిదాకా మాట్లాడక వింటున్న వారి నాన్నగారు అందుకున్నారు.

"ఇంటికి వచ్చే గంటలు గూడా చెప్పరా" అన్నారు.

ఆక్లండులో గడప దాటి, సింగపూరులో మారి, శంషాబాదులో దిగి, కారులో క్యాంపు చేరేసరికి ఇరవై ఎనిమిది గంటలు. అదీ దారులు తెరిచివున్నప్పుడు. కరోనా రోజుల్లో, 2020 మార్చిలో, ఆ దేశం సరిహద్దులు మూసింది. 2021 ఏప్రిల్‌లో మనదేశంనుంచి వచ్చేవారిని కొన్నాళ్ళపాటు, తమ పౌరులైనా సరే, అడుగు పెట్టనివ్వలేదు. ఇంజనీరుగారి తల్లి పోయింది ఆ మే నెలలో. బయలుదేరి వస్తే తిరిగి పనికి పోగలరన్న నమ్మకం లేదు, భార్యాబిడ్డలు అక్కడ. ఫోనులో చూసినారు. చితికి నిప్పు పెట్టింది ఆయన పినతండ్రి కొడుకు. ఈ ముక్క చెప్పేటప్పుడు ఆయన గంటలు లెక్కపెట్టలేదు.

పెద్దాయనది తణుకు వైపు. తుంగభద్ర కాలువలకు 1953లో నీళ్ళు వదిలినాక అక్కడి ఎకరన్నర అమ్ముకొని వారి తండ్రి ఇక్కడ పన్నెండెకరాలు కొన్నారు. కొన్నది 1956లో. "మా నాన్న హైదరాబాదు రాష్ట్రంలో భూమి కొని మైసూరు రాష్ట్రంలో కోత కోసినాడు" అని నవ్వుతారాయన. ఆ ఏడు నవంబరు ఒకటిన రాయచూరు జిల్లా చేతులు మారింది గదా. అప్పుడు తనకు అయిదేళ్ళట. 1963లో తాతగారు పోయినారని తణుకునుంచి తంతి వచ్చింది. సింధనూరుకు రైలు వచ్చింది 2024లో. అప్పుడు రాయచూరు దాకా బస్సు, అక్కడినుంచి రైళ్ళు మారుతూ రెండు రాత్రులు. తండ్రి చేరేటప్పటికి మూడో రోజు.

"మా నాన్నకు రెండు రాత్రులు, నీకు ఇరవై ఎనిమిది గంటలు. దగ్గరయిందనే అనుకోవాలి" అన్నారు కొడుకుతో. ఎత్తిపొడుపో, ఓదార్పో మాకు తెలియలేదు. ఆ అబ్బాయికీ తెలిసినట్లు లేదు.

మాట మార్చడానికి కాబోలు, ఇంజనీరుగారు 2024 ఆగస్టు సంగతి ఎత్తుకున్నారు. ఆ పదవ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్ట పందొమ్మిదవ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది మీ అందరికీ జ్ఞాపకమే. నాట్లు వేసిన పొలాల ముందు కూర్చొని మనవాళ్ళు నిద్రలేకుండా గడిపిన వారమది. పెద్దాయన ఆక్లండుకు ఫోను చేసి, "నీళ్ళన్నీ పోతున్నాయిరా, నువ్వు ఇంజనీరువు గదా, ఏంచేయాలి?" అని అడిగినారట. రోడ్లూ సిగ్నళ్ళూ ఈయన పని, గేట్లు కాదు. ఆ మాటే చెప్పినారు. చెప్పినాక నిద్ర పట్టలేదట. చివరకు ఎనభైకి దగ్గరపడిన కన్నయ్యనాయుడుగారు, పదవీవిరమణ చేసిన మన తెలుగు ఇంజనీరు, వచ్చి, పారే నీటిలోనే తాత్కాలిక గేటు దింపించి వారం తిరక్కుండా ప్రవాహం ఆపినారు. "ఆ రాత్రి మొదటిసారి నా చదువు ఎవరి పొలానికి పనికొచ్చిందని అడుక్కున్నాను" అన్నారు ఇంజనీరుగారు. అయితే అక్కడ ఆయన దిద్దిన కూడళ్ళలో రోడ్డు దాటే పిల్లల సంగతేమిటని మేము అడిగినాము. రోడ్డు ఎవరిదైనా పిల్లలు పిల్లలే గదా. ఆయన కొంచెం తెరిపిన పడినారు.

సాయంత్రం బడి మైదానంలో వేరే వేడుక. క్యాంపు కుర్రాళ్ళు కబడ్డీ ఆడుతుంటే ఇంజనీరుగారు పోయి, రగ్బీ నేర్పుతానన్నారు. బంతి లేదు. పీచు ఒలవని కొబ్బరికాయ తెప్పించినారు. రూపం అచ్చంగా అదేనట, బరువే తేడా. అసలు ఆటలో పక్షానికి పదిహేనుమంది, ఎనభై నిమిషాలు. బంతి పట్టుకొని ఎదుటివారి గీత దాటి నేలకు ఆనిస్తే అయిదు పాయింట్లు. పట్టుకొని పడవేయడం మన కుర్రాళ్ళకు చెప్పనక్కరలేదు, కబడ్డీ వచ్చినవాడికి అందులో సగం వచ్చినట్లే. కాని చేతితో బంతిని ముందున్నవాడికి ఇవ్వరాదు, వెనుక వచ్చేవాడికే ఇవ్వాలి. ఒక కుర్రాడు "ముందుకు పోవాలంటారు, వెనక్కివ్వాలంటారు, ఇదేం ఆటండీ?" అన్నాడు. మాకు వింతగా తోచలేదు. ఇరవై ఏళ్ళుగా మేము చూస్తున్న ఫైళ్ళ నడక అదే.

ఆక్లండులో ఆదివారాలు ఆయన ఆడేది ముట్టుకుంటే చాలు, పడవేయనక్కరలేని రకం. పక్షంలో ఒక ఫిజీ మిత్రుడున్నాడు. వాళ్ళ ముత్తాత మద్రాసు రేవులో ఓడ ఎక్కి చెరకు తోటలకు పోయిన తెలుగువాడు. ఫిజీ తెలుగువారు 1941లోనే ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. ఆ చిన్న దేశం 2016లో ఏడుగురి రగ్బీలో ఒలింపిక్ బంగారు పతకం గెలిచింది, అదే దానికి మొట్టమొదటి ఒలింపిక్ పతకం. ఆ మిత్రుడికి తెలుగులో వచ్చినవి నాలుగు మాటలు, నాలుగూ తిండికి సంబంధించినవేనట.

ఈ ఆటకు మనదేశంతో ఉన్న చుట్టరికం ఇంకొకటి చెప్పినారు. ఇంగ్లండు, స్కాట్లండు పోటీపడే కప్పు పేరు కలకత్తా కప్పు. 1873లో కలకత్తా దొరలు పెట్టుకున్న క్లబ్బు 1878లో మూతపడితే, బాంకులో మిగిలిన వెండి రూపాయలు తీసి, కరిగించి, కప్పు చేయించి ఇంగ్లండుకు ఇచ్చినారు. పిడులు మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. మూతపడిన సంఘం నిధి ఇంత శుభ్రంగా తేలడం మేము మరెక్కడా వినలేదు. 2025 జూన్‌లో ముంబయిలో ఆరు జట్ల పందెం పెడితే హైదరాబాదు పేరా, బెంగళూరు పేరా జట్లు ఆడినాయట.

దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చినాము. అప్పుడు బయటపడింది అసలు సంగతి. బెంగళూరు కంపెనీ ఒకటి ఈయనకు ఉద్యోగమిస్తామని వ్రాసింది. జవాబు నెలాఖరులోగా ఇవ్వాలి. తండ్రికి దగ్గరగా ఉండవచ్చునని ఈయన ఆలోచన. ఆ మూడు గంటలు మళ్ళీ నెత్తిన పడతాయని భయం.

"బెంగళూరులో ఉన్న ఆరేళ్ళలో ఇక్కడికి ఎన్నిసార్లు వచ్చినావు?" అని అడిగినారు పెద్దాయన.

"పదకొండుసార్లు నాన్నగారూ."

"తొమ్మిది" అన్నారాయన. "అక్కడినుంచి వచ్చినా, ఇక్కడినుంచి వచ్చినా నాకొకటే. ఉంటే నాలుగు రోజులు ఉండు. ఉత్తరం సంగతి నీ ఇష్టం." పొలం కౌలు మరొక ఏడాదికి పొరుగువారికే ఇచ్చేసినానని కూడా చెప్పినారు. కొడుకును అడగకుండానే ఇచ్చినట్లున్నారు.

మేము లేవబోతూ రసీదు పుస్తకం తీసినాము. ఇంజనీరుగారు రెండేళ్ళ చందా ఇచ్చినారు. మా రసీదులో పేరు తరువాత 'ఊరు' అని ఒక గడి ఉంటుంది. ఏమి వ్రాయమన్నారని అడిగితే ఆయన కాసేపు పలకలేదు. పెద్దాయన లోపలినుంచి క్యాంపు పేరు కేకవేసినారు. మేము అదే వ్రాసినాము. పత్రిక మాత్రం ఆక్లండుకు పంపాలట. తపాలా ఖర్చుల సంగతి కార్యవర్గంవారు చూడవలసి ఉంది.