అతుకుల బొంత – అతుకు లేని దానం

దానం గొప్పదని చెప్పని మతం లేదు; చెప్పని భాష లేదు. కాని దానంగా ఇచ్చే వస్తువు ఎటువంటిదై ఉండాలన్న ప్రశ్నను మనం అంత తరచుగా వేసుకోము. దానంగా వచ్చిన ఆవుదూడకు పళ్ళు లెక్కపెట్టరాదని హిందుస్తానీలో ఒక సామెత ఉన్నది. పుచ్చుకొనేవానికి ఆ నీతి తగినదే. అయితే అతడు పళ్ళు లెక్కించడు కనుకనే, ఇచ్చేవాడు ముందుగా తానే లెక్కించుకోవలసి ఉంటుంది. ఇళ్ళలో మిగిలిపోయిన గుడ్డ పీలికలతో బొంతలు కుట్టి, చలికాలంలో కప్పుకొనేందుకు లేనివారికి ఇవ్వటం మన కళాశాల చేపట్టదగిన పని అని నా అభిప్రాయం. ఆ పనిని ఏ నియమంతో చేయాలన్నదే ఈ వ్యాసంలో నేను విన్నవించదలచిన విషయం.

బొంత మనకు కొత్త వస్తువు కాదు. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరచి కుట్టిన దానిని తెలుగు పల్లెలు బొంత అన్నాయి. ఉర్దూ ఇళ్ళు గుదడీ అన్నాయి. మరాఠీవారు గోధడి అన్నారు. కన్నడిగులు కౌది అన్నారు. వంగదేశంలో అదే కాంథా, బీహారులో అదే సుజనీ. పేదయింట పుట్టిన ప్రతిభావంతుని ఉర్దూలో ‘గుదడీ కా లాల్’ అంటారు. అనగా బొంతలోని మాణిక్యం. బొంతను బీదతనానికి గుర్తుగా చెప్పిన ఆ నానుడి, దానిలో మాణిక్యం ఉండవచ్చునని కూడా ఒప్పుకొన్నది.

ఆఫ్రికా సంతతివారైన సిద్దీలు కర్ణాటక రాష్ట్రంలోని ఉత్తర కన్నడ జిల్లాలో నివసిస్తున్నారు. వారిలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు కూడా ఉన్నారు. సిద్దీ స్త్రీలు చినిగిన బట్టల ముక్కలతో కుట్టే బొంతను కవంది అంటారు. అంచు నుండి ప్రారంభించి, చుట్టూ కుట్టుకొంటూ నడిమికి చేరటం వారి పద్ధతి. చివరకు నాలుగు మూలలా గుడ్డను మడచి త్రికోణపు ‘పూలు’ కుట్టనిదే ఆ బొంత పూర్తయినట్లు వారు భావించరు. చేతిలో ఉన్నవి చింకి ముక్కలే అయినా, పని మాత్రం చింకి పని కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు, పొలం పనులలో అరిగిన బట్టలతో తమ బిడ్డల చలి కాయటానికి బొంతలు కుట్టారు. 2006లో ఆ దేశపు తపాలా శాఖ ఆ బొంతల బొమ్మలతో బిళ్ళలు వెలువరించింది. వారు ప్రదర్శనల కొరకు కుట్టలేదు. తమవారి కొరకు కుట్టారు. అందుచేతనే ఆ బొంతలకు ఆ విలువ కలిగింది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. మనకు అక్కరలేని ముక్కలను అతికి ఇతరులకు ఇవ్వటం దానమగునా? కఠోపనిషత్తులో నచికేతుని తండ్రి యజ్ఞం చేసి, పాలు వట్టిపోయిన ముసలి ఆవులను దానమిస్తాడు. అది చూచి కుమారుని మనసు కలత చెందుతుంది. పవిత్ర ఖురాను రెండవ అధ్యాయంలోను ఇటువంటి హెచ్చరికయే కనిపిస్తుంది: తమకు ఎవరైనా ఇస్తే కండ్లు మూసుకొని తప్ప తీసుకోని వస్తువును దానానికి ఏరవద్దని అక్కడ విశ్వాసులకు బోధ ఉన్నది. ఈ రెండు బోధలనూ తలచినప్పుడు, పీలికల బొంత దానం కాదని కొందరికి తోచవచ్చును. నాకు అట్లు తోచదు. బొంతలో గుడ్డ మిగిలినదే కావచ్చును; మనం పెట్టే శ్రమ మాత్రం మిగిలినది కారాదు. దర్జీ కత్తెర కింద రాలిన పీలిక పనికిరానిది కాదు; ఆకారం కుదరక మిగిలినది మాత్రమే. దానికి ఆకారమిచ్చే ఓపిక మనకు ఉన్నదా లేదా అన్నదే దానానికి పరీక్ష.

ఓపిక అన్న మాటను వివరించి చెప్పాలి. మొదటిది, గుడ్డను ఏరటం. నూలు గుడ్డనే తీసుకోవాలి. పాలియెస్టరు, నైలాను చెమటను పీల్చవు. పైగా చలిమంట పక్కన పడుకొనేవారి మీద నిప్పురవ్వ పడితే అవి కరిగి ఒంటికి అంటుకొంటాయి. రెండవది, ఉతకటం. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది. ముదురు రంగు గుడ్డను తెల్ల పేలికతో కలిపి నీటిలో నానబెట్టి, రంగు వదలదని తేలిన తరువాతనే కుట్టాలి. మూడవది, కొలత. పాత లుంగీ గుడ్డను 12న్నర అంగుళాల చదరాలుగా కత్తిరించి, దానిపై రెండున్నర అంగుళాల వెడల్పుగల పీలికలను వరుసగా పెట్టి, ఒకదాని అంచుపై ఒకటి బోర్లించి కుట్టి తిప్పుకొంటూ పోతే, ఆరు పీలికలతో ఒక చదరం నిండుతుంది. నాలుగు వరుసలు అడ్డంగా, ఆరు వరుసలు నిలువుగా, మొత్తం 24 చదరాలు కలిపితే నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గల బొంత పైపొర సిద్ధమవుతుంది. 12 మంది విద్యార్థులు తలకు రెండు చదరాలు కుడితే చాలును. ఒక్కొక్కరి వంతుకు వచ్చేవి 12 పీలికలు.

మధ్య పొరకు పాత చీర మడతలు, అడుగున గట్టి నూలు గుడ్డ పెట్టి, మూడు వేళ్ళ ఎడంగా అన్ని పొరలనూ కలిపి కుట్టాలి. లేకున్న ఉతికినప్పుడు లోపలి గుడ్డ ఒకచోటికి చేరి ముద్ద కడుతుంది. దూది నింపిన రజాయి వెచ్చనిదే కాని, దానిని ఇంట్లో ఉతకటం కష్టం. ఒక్క గదిలో బ్రదుకు వెళ్ళదీసేవారికి, పెద్దాసుపత్రి ఆవరణలో రోగికి తోడుగా వచ్చి ఆరుబయట పడుకొనేవారికి, ఉతికి ఎండలో ఆరవేసుకోగల బొంతయే మేలు.

ఇక్కడ మరొక మాట నిర్మొహమాటంగా చెప్పక తప్పదు. ఇటువంటి కార్యక్రమాలలో పేరు కళాశాలది, శ్రమ ఇంట్లో తల్లిది కావటం సాధారణం. మన విద్యార్థులలో అనేకుల ఇళ్ళలో తల్లులు, అక్కచెల్లెళ్ళు కుట్టుమిషను మీద కూలికి కుడుతూ కుటుంబానికి ఆసరాగా ఉన్నారు. ఆ చేతులకు ఉచితంగా మరింత పని అప్పగించి, ఆ ఫలాన్ని మనం పంచిపెట్టటం దానం కాదు. ఒక పేదరాలి నుండి తీసి మరొక పేదరాలికి ఇవ్వటం. కనుక బొంతను విద్యార్థులే కుట్టాలి. మగపిల్లలు కూడా కుట్టాలి. సూది పట్టటం ఆడవారి పని అనేవారు ఒక్కసారి బజారు వైపు చూడవలెను. దర్జీ దుకాణాలలో కూర్చున్నవారిలో అధికులు పురుషులే కదా! కూలి దొరికేచోట పురుషుని వృత్తి అయిన పని, కూలి లేనిచోట స్త్రీ ధర్మం ఎట్లయినది?

దుప్పట్లు చవకగా దొరుకుతుండగా ఇంత ప్రయాస ఎందుకని పెద్దలు ప్రశ్నించవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. వరదలు, తుఫానులు వచ్చినప్పుడు దుప్పట్లు కొని పంపటమే ఉత్తమం. ఆనాడు బొంత కుడుతూ కూర్చొనటం అవివేకం. కాని చలికాలం తుఫాను వలె హఠాత్తుగా వచ్చేది కాదు. ఏటేటా వచ్చేదే, ముందుగా తెలిసినదే. కొన్న దుప్పటి ఇవ్వటానికి చందా చాలును. బొంత ఇవ్వటానికి, అది కప్పుకొనే మనిషి గురించి కొన్ని గంటలు ఆలోచించవలసి వస్తుంది. 1999లో అంశు గుప్తా ఢిల్లీలో స్థాపించిన గూంజ్ సంస్థ వాడిన బట్టలను, మిగులు గుడ్డలను గౌరవంతో చేరవేయటాన్ని ఒక ఉద్యమంగా నడిపింది. మిగులు గుడ్డలతో సుజనీలు కూడా కుట్టించింది. 2015లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. బట్ట ఇవ్వటంలో బట్టకన్నా మర్యాద ముఖ్యమన్నది ఆ కృషి నుండి మనం నేర్వదగిన పాఠం.

కళాశాల కమిటీవారికి నా మనవి ఇది. జాతీయ సేవా పథకం 1969లో ‘నేను కాదు, నీవు’ అన్న ఆదర్శంతో ఆరంభమైనది. ఈ పనిని ఆ విభాగానికి అప్పగించండి. ఒక గది, ఒక బీరువా, రెండు కుట్టుమిషన్లు సమకూర్చండి. విద్యార్థుల తల్లులలో బొంత కుట్టటం బాగా తెలిసినవారిని ఆహ్వానించి, తగిన పారితోషికమిచ్చి గురువులుగా గౌరవించండి. బొంతపై కళాశాల పేరు కుట్టించవద్దు. పుచ్చుకొనేవారిని వరుసగా నిలబెట్టి ఫొటోలు తీయించవద్దు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీకు ఒక్కటే నియమం. కుట్టిన బొంతను ఇచ్చేముందు, కుట్టినవారిలో ఒకరు దానిని ఇంటికి తీసుకొనిపోయి ఒక రాత్రి కప్పుకొని నిద్రించండి. కుట్టు ఒంటికి గుచ్చుకొన్నదా, కాళ్ళు బయటికి వచ్చినవా, చలి ఆగినదా చూచుకొనండి. లోపమున్న సరిచేయండి. తెల్లవారి ఉతికి, ఎండబెట్టి, మడతపెట్టి, అప్పుడు ఇవ్వండి. మీరు హాయిగా నిద్రించగలిగిన బొంతను మరొకరికి ఇచ్చేటప్పుడు మీరు గాని, పుచ్చుకొనేటప్పుడు వారు గాని, కండ్లు మూసుకోవలసిన అవసరం ఉండదు.