రెండు వైపులా మార్చండి
లారీ వెనక బ్రేకు డ్రమ్ముకు గీతలు పడితే లేతు పట్టించి, కొత్త లైనర్లు బిగించి రోడ్డెక్కించడం మన దగ్గర అలవాటు. కానీ ప్రతి కోతకూ డ్రమ్ము పలచబడుతుంది, వేడిని తట్టుకునే శక్తి తగ్గుతుంది. మారేడుమిల్లి ఘాట్‌లో లోడుతో దిగేటప్పుడు అది వ్యాకోచించి లైనరుకు దూరమవుతుంది. పెడల్ ఎంత తొక్కినా పట్టు దొరకదు. డ్రమ్ము ఎంతవరకు అరగవచ్చో కంపెనీయే కొలత ఇస్తుంది. అది దాటితే తుక్కులో వేయాల్సిందే. అదీ ఒక్క పక్క కాదు, ఇరుసుకు రెండు వైపులా మార్చాలి. లేకుంటే బ్రేకు వేయగానే బండి ఒక పక్కకు లాగుతుంది. ఖర్చు యజమానిది, ప్రాణాలు డ్రైవరువి, క్లీనరువి, ఎదురొచ్చే బస్సులోని వాళ్లవి. అందుకే డ్రమ్ములు విప్పి కొలవకుండా ఏ లారీకీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వకూడదు.