ఆటోకు కూడా ఒక ల్యాంప్ రూం కావాలి

బొగ్గుబాయి పక్కన పుట్టి పెరిగిన మనకు ల్యాంప్ రూం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర లేదు. షిఫ్టు దిగిన కార్మికుడు క్యాప్ ల్యాంపును అక్కడ అప్పజెప్పి ఇంటికి పోతాడు. దాన్ని చూసి, చార్జింగ్‌కు పెట్టేది అక్కడి సిబ్బంది. మళ్లీ డ్యూటీకి వచ్చేసరికి నిండుగా చార్జింగ్ అయిన ల్యాంపు చేతికొస్తుంది. నడుముకు కట్టుకునే ఆ బరువైన బ్యాటరీని మా నాన్నలు ఏనాడూ కొనలేదు. చెడిపోతే మార్చే ఖర్చూ వాళ్లది కాదు.

అదే ఇంట్లో పుట్టిన కొడుకు ఎలక్ట్రిక్ ఆటో కొంటే ఏమవుతుంది? బండి ధరలో పెద్ద భాగం బ్యాటరీదే. అదంతా అప్పే. కిరాయి గదిలో ఉండేవాడు బండికి ప్లగ్గు ఎక్కడ పెట్టాలి? గోదావరిఖని చౌరస్తాలో షేర్ ఆటో నడిపే అన్నలను అడిగి చూడండి. షిఫ్టు వదిలే వేళే వాళ్లకు గిరాకీ. ఆ వేళకు బండి చార్జింగ్‌లో ఉంటే ఆ నెల కిస్తీ ఎట్లా కట్టాలి?

అందుకే బ్యాటరీ మార్పిడి పద్ధతి మాకు నచ్చింది. ఖాళీ బ్యాటరీ ఇచ్చి, నిండినది పెట్టుకొని, కొద్ది నిమిషాల్లో బయలుదేరవచ్చు. (నాన్నకు రోజూ తన నెంబరు ల్యాంపే వచ్చేది, ఆటోకు రోజుకో బ్యాటరీ వస్తుంది. తేడా అంతే.) బ్యాటరీ లేకుండానే రెండు, మూడు చక్రాల ఎలక్ట్రిక్ బండ్లను అమ్మడానికి, రిజిస్టర్ చేయడానికి 2020 ఆగస్టులోనే కేంద్రం అనుమతించింది. హైదరాబాద్‌లో రేస్‌ఎనర్జీ అనే సంస్థ ఆటోల కోసం మార్పిడి కేంద్రాలు పెట్టింది కూడా.

అయితే మాకొక భయం ఉంది. ఒక కంపెనీ బ్యాటరీ ఆ కంపెనీ బండికే పడితే, ఆ కంపెనీ మూతపడిన రోజు బండి ఇనుప సామాను కిందే లెక్క. ఇజ్రాయెల్‌లో బెటర్ ప్లేస్ అనే సంస్థ దాదాపు ఒకే రకం రెనో కారును నమ్ముకొని మార్పిడి కేంద్రాలు కట్టి, 2013లో దివాలా తీసింది. కారున్నవాడు తట్టుకుంటాడేమో, మన ఆటో అన్న తట్టుకోగలడా? ఎవరి బ్యాటరీ అయినా ఎవరి బండికైనా సరిపోవాలన్న ఆలోచన 2022 ఫిబ్రవరి 1 కేంద్ర బడ్జెట్‌లోనే వచ్చింది, ఏప్రిల్‌లో నీతి ఆయోగ్ ముసాయిదా కూడా వెలువడింది. ముసాయిదా చాలదు, అది కట్టుబాటు కావాలి. పన్ను సంగతీ చూడండి. బ్యాటరీతో కలిపి బండి కొంటే జీఎస్టీ 5 శాతం, విడిగా బ్యాటరీ కొంటే 18 శాతం! ఆ భారం చివరికి ఎవరి అద్దెలో కలుస్తుంది?

మన కరెంటు బొగ్గుదే కదా, పొగ ఎక్కడ తగ్గిందని హాస్టల్‌లో కొందరు వాదిస్తున్నారు. ఎన్టీపీసీ చిమ్నీలు కనబడే ఊళ్లో ఆ మాట కాదనలేం. కానీ రోజంతా చౌరస్తా పొగ పీల్చే డ్రైవరుకు మాత్రం కొంత ఊపిరాడుతుంది.

మా ఇళ్లలో డిగ్రీ దాటిన మొదటివాళ్లం మేము. మా అన్నదమ్ములు ఇంకా ఆటోల మీదే ఉన్నారు. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. స్థలముంది, కరెంటుంది, ల్యాంప్ రూంలు నడిపిన అనుభవముంది. ముందు గోదావరిఖని బస్టాండు దగ్గర ఒక్క కేంద్రం పెట్టి చూడమనండి. మొదటి షిఫ్టుకు జనం బయలుదేరే ముందే, తెల్లవారుజామున అది తెరిచి ఉండాలి.