బొంగరాలు పెట్టెలో దాచేందుకేనా?

హాస్టల్లో ఇప్పుడు బొంగరాల కాలం. కొందరి ట్రంకు పెట్టెల్లో అయిదారేసి ఉన్నాయి. ఒకని దగ్గర ఏటికొప్పాకది కూడా ఉంది. అనకాపల్లి జిల్లాలోని ఆ ఊళ్లో అంకుడు కర్రతో బొమ్మలు చేసి లక్క రంగులు అద్దుతారు. వాటికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చూస్తే ముచ్చటే, కాదనను. కానీ దానికి తాడు చుట్టిందెప్పుడు? ఆటలో మొల పోట్లు పడతాయని వాని భయం. అదీ నిజమే.

మా తండాల తాతకు ఉన్నది ఒక్కటే, రంగు పోయింది. విసిరి, నేల తాకకముందే తాడు గుంజి అరచేతిలోకి తీసుకుంటడు. "ముసలోనికి ఆటలేంది?" అని నవ్వేటోళ్లే నిలబడి చూస్తరు! వేగం తగ్గితే బొంగరం తలూపి పడిపోతది. ఆలోపే విద్య చూపాలె.

దుకాణాల్లో దొరికే యోయో సంగతీ ఇంతే. 1928లో అమెరికాలో పెడ్రో ఫ్లోరెస్ అనే ఫిలిప్పీన్స్ ఆయన యోయోల కంపెనీ పెట్టిండు. ఆయన యోయోకు తాడు ఇరుసుకు ముడివేసి ఉండదు, ఉంగరంలా తగిలించి ఉంటది. అందుకే కింద ఆగి తిరుగుతది. చాలా విద్యలు అప్పుడే చేస్తారు.

వార్డెన్ సార్, ఆదివారం ఒక గంట ఇయ్యండి, మీరూ ఆడండి. పోట్ల ఆట వద్దు, చేతిమీద తిప్పే ఆటే పెట్టుకుందాం. పెట్టెలున్నోళ్లు ఒక్కొక్కటి తేవాలె.