మంచుగూటికి తోరణము

“లేని యింటికి తోరణములేల?” యని పెద్దలు నవ్వుదురు. శీతకాలపు సెలవులలో పిల్లలు కంప్యూటరు తెర యెదుట కూర్చుండి, ఆ తెరలోని కల్పితలోకమున తమ పేరనున్న గృహమునకు దీపమాలలు కట్టుచు, పండుగచెట్టును నిలుపుచు, వాకిట మంచుబొమ్మల నుంచుచుండగా చూచి, కాలమంతయు వ్యర్థమగుచున్నదని వారి బాధ. ఆ బాధ నిష్కారణమని మేమనము. కన్నులకు శ్రమయు, చదువునకు లోటును కలుగుట నిజమే. ఐనను ఆ నవ్వుతో మాత్రము మేమేకీభవింపజాలము.

బొమ్మలకొలువు తీర్చువారి కీ వేడుక క్రొత్తది కాదు. మెట్లపై బొమ్మల నమర్చి, అద్దపుముక్కతో చెరువును కల్పించి, ఇరుగుపొరుగువారిని పేరంటమునకు పిలుచు బాలిక, ఆ చెరువులో నీరు లేదని యెరుగదా? ధనుర్మాసమున తెల్లవారుజామున పెట్టిన ముగ్గు మధ్యాహ్నమునకే కాళ్లక్రింద నలిగిపోవును. అంతమాత్రమున ముగ్గు పెట్టుట మానిన యిల్లాలెవరు? వెదురుబద్దలకు రంగుకాగితమంటించి మనము క్రిస్మసునకు కట్టు నక్షత్రమును సంక్రాంతినాటికి చినిగిపోవునదియే. కావున నిలువనిదను దోషమొక్కటి చూపి పిల్లలను తప్పుపట్టుట న్యాయము కాదు.

మా ఫిర్యాదు వేరొకటి కలదు. దానికి క్లబ్ పెంగ్విన్ అను లోకము తగిన యుదాహరణము. అది కెనడాదేశమున కెలోనా పట్టణమున పుట్టి, 2005 అక్టోబరులో తెరువబడినది. 2007లో డిస్నీ సంస్థ దానిని కొనెను. అందు ప్రతి బాలుడును ఒక పెంగ్విన్ పక్షి. ప్రతి పక్షికిని ఇగ్లూ యను మంచుగూడొకటి. ఆటలాడి నాణెములు గడింపవలెను. ఆ నాణెములతో సామాను కొనవలెను. డిసెంబరు వచ్చినంతనే ఆ ద్వీపమంతయు దీపములతో వెలుగుచుండెను. పిల్లలు తమ గూళ్లను సింగారించుకొని, ఒకరి గూటి నొకరు పోయి చూచుచుండిరి.

అయితే గూటికి సామాను కొను హక్కు నెలనెలా చందా చెల్లించువారికే! తక్కినవారికి ఉచితముగా పంచిన వస్తువులేవో కొన్ని దొరకినను, అంగడిలోని దీపమాల వారికి దక్కదు. చందా కట్టని బాలుడు అందరివలెనే ఆటలాడెను. అందరివలెనే నాణెములు కూడబెట్టెను. నాణెములు చేతనుండియు కొననీయరు! చెట్టులేని గూటిలో పండుగనాడు ఆ పక్షి యొంటరిగా నిలిచియుండుట తలచిన, లేని యింటిలోని పేదరికము ఉన్న యింటిలోని పేదరికమువలెనే నొప్పించుననక తప్పదు. వ్యాపారమునకు ధనము కావలెను, కాదనము. కాని ధనము వసూలు చేయుటకు పండుగచెట్టే దొరికెనా?

ఆ లోకముననే మెచ్చదగిన పని యొకటియు జరిగినది. 2007 డిసెంబరులో పిల్లలు తమ కల్పితనాణెములను ధర్మకార్యములకు సమర్పింపవచ్చునని ప్రకటించిరి. బాలల యారోగ్యము, ప్రకృతిసంరక్షణము, బీదదేశముల పిల్లల సహాయము అను మూడింటిలో దేనికెన్ని నాణెములు వచ్చునో దానినిబట్టి పది లక్షల నిజమైన డాలర్లను పంచుట యేర్పాటు. ఇరువదియైదు లక్షలకు మించిన యాటగాండ్రు రెండువందల కోట్ల నాణెముల నిచ్చిరట. పలువన్నెల దీపములు కొనుటకు పనికిరాని నాణెములు, చందా కట్టని బాలునిచేత నుండియు, ఇచ్చుటకు పనికివచ్చినవి. డాలర్లు పిల్లలవి కావు, సంస్థవే, అది మేమెరుగుదుము. ఐనను, దేనికి పోవలెనో చెప్పినవారు పిల్లలు.

తరువాతి కథ స్వల్పము. 2017 మార్చి నెలాఖరున ఆ లోకమును మూసివేసిరి. దాని స్థానమున తెరిచిన క్రొత్తదియు 2018లోనే మూతపడెను. పదకొండేండ్లకు పైగా పిల్లలు సింగారించిన గూళ్లన్నియు ఒక్కనాట లేకపోయినవి. ముగ్గు చెరిగినను ముంగిలి మనదే. ఇక్కడ ముంగిలియు పరులది.

2020లో నింటెండో సంస్థ వెలువరించిన యానిమల్ క్రాసింగ్ అను క్రీడలో, ఉత్తరార్ధగోళపు ద్వీపమైనచో, డిసెంబరు 15 మొదలు జనవరి 6 వరకు దేవదారువంటి చెట్లను కుదిపిన రంగురంగుల గుండ్లు రాలును. వాటితో పిల్లలే యలంకారములు చేసికొందురు. ఆ క్రీడను కొనుటకే చాల వ్యయమగును. ఐనను చెట్టు నెవరు కుదిపినను గుండు రాలునను ఏర్పాటు మాకు నచ్చినది.

ఇట్టి లోకములను నడుపువారిని మేము కోరునవి రెండే. పండుగ దినములలోనైనను అలంకారముల యంగడిని అందరికిని తెరువుడు. లోకమును మూయదలచినపుడు, ప్రతి బాలునకును అతని యింటి చిత్రమునొకదానిని పంపిన తరువాతనే దీపమార్పుడు. తలిదండ్రులకును ఒక మాట: ఈ సెలవులలో “కట్టివేయుము” అని కేకవేయుటకు ముందు, ఆ గూటిలో ఏ దీపమెక్కడ పెట్టినదియు పిల్లవానినే యడిగి చూడుడు.