అడగని ఉత్తరాలకు అడ్డేది?

పండుగ బట్టలు కొని బిల్లు కట్టేచోట గుమాస్తా ఫోను నెంబరుతోబాటు ఈ-మెయిల్ చిరునామా కూడా అడుగుతాడు. వెనుక వరుసలో జనం నిలబడి ఉంటారు. కొన్నవారు కాదనలేక చెప్పేస్తారు. అక్కడితో మొదలు. ముందు ఆ దుకాణం తగ్గింపు ధరల కబుర్లు, ఆ తర్వాత పేరైనా వినని సంస్థల నుంచి అప్పులిస్తామని, స్థలాలు అమ్ముతామని లేఖలు. ఈ చెత్తలో ఇంటర్వ్యూ పిలుపో, కాలేజీ సీటు కబురో, బ్యాంకు నోటీసో కలిసిపోయి గడువు దాటాక గాని అసలు నష్టం తెలిసిరాదు.

ఫోనుకున్న రక్షణ మెయిలుకు లేకపోవడమే ఇందులో చిక్కు. వ్యాపార ప్రకటనల కాల్స్, ఎస్సెమ్మెస్‌లను అదుపు చేసేందుకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో నిబంధనలు తెచ్చింది. వాటిపై 1909కు ఫిర్యాదు చేయవచ్చు. ఈ-మెయిల్ మాత్రం ఆ నిబంధనల పరిధిలోకి రాదు. చికాకు పెట్టే మెయిళ్ల ప్రస్తావన ఐటీ చట్టం 66ఎ సెక్షనులో ఉండేది. ఆ సెక్షను భావప్రకటనా స్వేచ్ఛకు విరుద్ధమంటూ సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. ఆ ఖాళీ ఖాళీగానే మిగిలింది. అమెరికాలోనైతే, వద్దని చెప్పిన 10 పనిదినాలలో కంపెనీ తన ప్రకటనలు ఆపాలని 2003 నాటి చట్టం శాసిస్తోంది.

మన దేశంలో 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంపై కొంత ఆశ ఉంది. సమ్మతి ఇచ్చినంత సులువుగా దానిని వెనక్కి తీసుకునే వీలుండాలని అది చెబుతోంది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అయితే ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల వ్యవధి ఇచ్చారు.

ఈలోగా చేయదగినది లేకపోలేదు. పంపినది తెలిసిన కంపెనీ అయితే, లేఖ అడుగున ఉండే ‘అన్‌సబ్‌స్క్రైబ్’ నొక్కితే చాలావరకు ఆగుతాయి. భారీ సంఖ్యలో మెయిళ్లు పంపే సంస్థలు ఒక్క నొక్కుతో తప్పుకునే సౌకర్యం కల్పించాలని జీమెయిల్, యాహూ 2024లో షరతు పెట్టాయి. పంపినవారెవరో తెలియకపోతే మాత్రం దేనినీ నొక్కకూడదు. నొక్కితే ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని వారికి రూఢి అవుతుంది. అటువంటి వాటిని ‘స్పామ్’గా గుర్తించడమే మేలు. ఈ గుర్తింపు వృథా పోదు. వెయ్యి మెయిళ్లలో మూడింటిని పాఠకులు స్పామ్ అన్నారంటే, ఆ కంపెనీ లేఖలు జీమెయిల్ గడప దాటడం కష్టమవుతుంది.

వద్దన్నా ఆపని ఆన్‌లైన్ దుకాణాలకు మరో మార్గముంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థా ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అప్పటికీ ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు జాగ్రత్త బిల్లు కౌంటరు దగ్గరే. ఫోను నెంబరు ఇస్తేగాని అమ్మబోమని పట్టుబట్టరాదని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలో దుకాణదారులకు సూచించింది. నెంబరే తప్పనిసరి కానప్పుడు మెయిల్ చిరునామా చెప్పనక్కరలేదు. అయితే భారమంతా కొనేవారి మీదే ఉంచడం న్యాయం కాదు. కాల్స్‌కు 1909 ఉన్నట్టే మెయిళ్లకూ ఫిర్యాదు చేసుకునే చోటు ఒకటి ఉండాలి.